అంచు మీద గుడ్డు

కిందటి డిసెంబరులో అమ్మ బద్వేలు నుంచి మా ఇంటికి, వెల్లింగ్టన్‌కు వచ్చింది. మూడు నెలలు ఉంది. ఇక్కడ డిసెంబరంటే ఎండాకాలమే అయినా గాలి మాత్రం ఆగదు, అందుకే ఊళ్ళో ఏ చోటూ ఆమెకు పెద్దగా నచ్చలేదు. నచ్చింది ఒక్క జీలాండియా. కరోరీ పక్కన ఒక లోయ చుట్టూ 8.6 కిలోమీటర్ల కంచె కట్టి, లోపల పిల్లులు, ఎలుకలు, ముంగిసలా ఉండే స్టోట్లు లేకుండా చేసి, పిట్టలకు వదిలేసిన అడవి అది. మొత్తం 225 హెక్టార్లు.

అక్కడ మా అబ్బాయి వాళ్ళ అవ్వకు ఒక పని నేర్పాడు. బాట మీద రాలిన ఆకుల్ని చెప్పుతో ఒకసారి గీకి, కదలకుండా నిలబడాలి. కాసేపటికి పొడుగు కాళ్ళ బూడిదరంగు పిట్ట ఒకటి ఎక్కడి నుంచో దిగి, మట్టిలో బయటపడ్డ పురుగుల కోసం చెప్పు పక్కకే వస్తుంది. నార్త్ ఐలాండ్ రాబిన్ అంటారు దాన్ని. అమ్మ గీకింది. పిట్ట వచ్చింది. "ఇదేంది పాపా, మనిషంటే భయమే ల్యా దీనికి" అంది, పెదాలు కూడా సరిగ్గా కదపకుండా.

ఆ భయం లేకపోవడమే దీని చుట్టాల కొంప ముంచింది. నేను రాయాలనుకున్నది అలాంటి ఒక చుట్టం గురించి.

న్యూజీలాండ్ దక్షిణ దీవికి తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో చాతమ్ దీవులు ఉన్నాయి. అక్కడి తొలి ప్రజలు మొరియొరిలు. వాళ్ళు తమ నేలను రేకొహు అంటారు. ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో పట్టేంత జనం. గడియారం కూడా మాకంటే 45 నిమిషాలు ముందు. ఆ దీవుల్లోనే బ్లాక్ రాబిన్ ఉంటుంది. మొరియొరి భాషలో కరూరె. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. చాతమ్‌లో కూడా మాంగెరె, రంగటిరా అనే రెండు చిన్న దీవుల్లోనే ఉంది. ఆ రెండూ కలిపితే అమ్మ నడిచిన జీలాండియా లోయకు ఒకటిన్నర రెట్లు, అంతే.

పాతిక గ్రాములు తూగని పిట్ట. ఈకలు, కళ్ళు, ముక్కు, కాళ్ళు అన్నీ నలుపే. ఫోటో చూసిన తెలుగువాళ్ళకు మన నల్లంచి గుర్తొస్తుంది. కానీ మగ నల్లంచికి రెక్క దగ్గర తెల్లమచ్చ, తోక కింద ఇటుక రంగు ఉంటాయి. దీనికి అవేవీ లేవు. రెండింటికీ దగ్గరి చుట్టరికం కూడా లేదు. పాట చాలా చిన్నది, అయిదారు స్వరాల ముక్క.

నేను దాన్ని చూడలేదు. ఎప్పటికీ చూడను కూడా. రంగటిరా మీద కాలు పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, అక్కడ పని ఉన్నవాళ్ళకే ఇస్తారు. అదే సరైనదని నా నమ్మకం. ఆ దీవి నేలంతా సముద్రపు పక్షుల బొరియలు. పనిచేసేవాళ్ళు కాళ్ళకు చెక్కపలకలు కట్టుకుని నడుస్తారు. మామూలు బూట్లతో నడిస్తే అడుగడుక్కీ ఒక గూడు కూలుతుంది.

1871లో హెన్రీ ట్రావర్స్ అనే ఆయన మాంగెరె దీవి నుంచి ఈ పిట్టలను సేకరించి తెచ్చాడు. మరుసటి ఏడు దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆయన పేరే పెట్టారు. ఆ తర్వాత మాంగెరెలో అడవి నరికి గొర్రెలు మేపారు. కుందేళ్ళు పెరిగాయని పిల్లుల్ని వదిలారు. పిల్లులు కుందేళ్ళతో ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఈ పిట్టకు మిగిలింది లిటిల్ మాంగెరె ఒక్కటే. సముద్రంలోంచి నిలువునా లేచిన రాతిగుట్ట అది, నెత్తిన కొన్ని హెక్టార్ల పొద అడవి. అంత చోటు సరిపోయి కాదు అవి అక్కడున్నది. పిల్లి ఎక్కలేని చోటు అదొక్కటే.

1938లో పక్షి శాస్త్రవేత్తలు ఆ గుట్ట ఎక్కి అవి ఇంకా ఉన్నాయని కనుక్కున్నారు. 1970ల్లో ఆ కాస్త అడవీ ఎండిపోవడం మొదలైంది. 1972లో లెక్కపెడితే పద్దెనిమిది. 1976కి ఏడు.

ప్రపంచమంతా చెప్పుకునేది ఇక్కడి నుంచి మొదలయ్యే సాహసం కథే. కానీ నాకు దానికి ముందు జరిగిన పని ముఖ్యం. 1968లోనే మాంగెరె నుంచి గొర్రెల్ని తీసేశారు. తర్వాత అక్కడ 1,20,000 మొక్కలు నాటారు. అకెఅకె అనే స్థానిక చెట్టు. దాని శాస్త్రీయ నామంలో కూడా ట్రావర్స్ పేరే ఉంది! గాలికి విరిగిపోయే మొక్కలకు కాపు కాస్తూ, ఈ పిట్ట ఇంకా లేని దీవిలో ఈ పిట్ట కోసం అడవి పెంచారు. అది ఎవరూ ఫోటో తీసుకుని దాచుకునే పని కాదు. ఆ చెట్లే లేకపోతే ఆ తర్వాత కథే లేదు.

1976 సెప్టెంబరులో ప్రభుత్వ వైల్డ్‌లైఫ్ సర్వీస్ మనుషులు ఆ ఏడింటిని తరలించడం మొదలుపెట్టారు. డాన్ మెర్టన్ వాళ్ళకు నాయకుడు. పిట్టల్ని చిన్న పెట్టెల్లో పెట్టి, వీపున కట్టుకుని, కొండచరియ దిగి, పడవలో మాంగెరెకు తెచ్చారు. అయినా తగ్గుతూనే వచ్చాయి. 1980కి ప్రపంచం మొత్తం మీద అయిదు. ఆ అయిదింటిలో పిల్లలు కనగలిగిన ఆడది ఒక్కటే. కాలికి నీలం రంగు కడియం తొడిగారు కాబట్టి ఓల్డ్ బ్లూ అన్నారు. జతగాడి కాలిది పసుపు, వాడు ఓల్డ్ యెల్లో. ఈ జాతి పిట్ట మామూలుగా నాలుగైదేళ్ళకు మించి బతకదు. ఓల్డ్ బ్లూ మాత్రం అప్పటికే తొమ్మిదేళ్ళది, ఆ తర్వాతే తన జాతిని నిలబెట్టింది. పదమూడేళ్ళు దాటి బతికింది. ఆమె చనిపోయిందని న్యూజీలాండ్ మంత్రి అధికారికంగా ప్రకటించారు. ఒక పిట్ట చావుకు మంత్రి ప్రకటన చేశాడని మొదటిసారి తెలిసినప్పుడు నాకు నవ్వొస్తుందేమో అనుకున్నాను. రాలేదు, గొంతు పట్టేసింది. ఈ రోజు ఉన్న ప్రతి కరూరె ఆ ఒక్క జంట సంతానమే.

ఈ కథ ఒకసారి ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది భోజనాల దగ్గర చెప్పాను. నేను అన్నా అని పిలిచే ఒక పెద్దాయన అంతా విని, "అమ్మా, అయిదు మిగిలాయంటే వాటి కాలం అయిపోయిందనే కదా? ప్రకృతే వద్దనుకుంది. మనమెందుకు అడ్డం పడాలి? ఆ డబ్బుతో ఎంతమంది పిల్లలు చదువుకుంటారు!" అన్నారు. వ్యంగ్యంగా అనలేదు. నిజంగానే అడిగారు. ఆయన మా ఊరి పక్క ఊళ్ళో బడికి పుస్తకాలు కొనిచ్చే మనిషి. అందుకే ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

ప్రకృతి వద్దనుకుందనే మాట నేను ఒప్పుకోను. మాంగెరెకు పిల్లి ఈదుకుంటూ రాలేదు, మనిషి పడవలో తెచ్చాడు. గొర్రెల్నీ మనిషే తెచ్చాడు, అడవినీ మనిషే నరికాడు. నా ఆవు తోలి పక్కవాడి చేను మేపించి, "వానకు పోయిందిలే" అంటే ఊళ్ళో ఎవరూ ఊరుకోరు, నష్టం కట్టమంటారు. ఇదీ అంతే. డబ్బు సంగతికొస్తే, ఈ పిట్టల మీద పెట్టకపోతే ఆ డబ్బు బడికి వెళ్ళేదని నేను ఎక్కడా చూడలేదు. అయినా అన్న ప్రశ్నలో ఒక సగం నిజం ఉంది. ఎంతవరకు అడ్డం పడాలి? చెయ్యి ఎక్కడ ఆగాలి? ఇది అడగకుండా కాపాడేవాళ్ళను పొగడటం కూడా తప్పే. దానికి జవాబు ఈ పిట్ట చరిత్రలోనే ఉంది.

ఓల్డ్ బ్లూ ఒక కాన్పుకు రెండు గుడ్లు పెట్టేది. ఈ జాతి అంతే. ఆ వేగంతో పెరిగేలోపు ఒక్క తుఫాను చాలు అంతా అయిపోవడానికి. కానీ గుడ్లు పోతే పిట్ట మళ్ళీ పెడుతుంది. కాబట్టి మొదటి గుడ్లు తీసి వేరే జాతి పిట్ట గూట్లో పెడితే? అమ్మకు ఇది చెప్పగానే, "బాతు గుడ్లు కోడి కింద పొదగేసినట్టు" అంది. అచ్చం అదే. మా అవ్వ చేసేది. గంప కింద పొదుగు కోడి ఇరవై ఎనిమిది రోజులు ఓపికగా కూర్చునేది. పిల్లలు కాలవలోకి దిగిన రోజు మాత్రం గట్టున అటూ ఇటూ పరుగెడుతూ అరిచేది. తన పిల్లలు మునిగిపోతున్నాయని దాని బాధ.

చాతమ్‌లో మొదట వార్బ్లర్ అనే చిన్న పిట్ట గూళ్ళలో పెట్టారు. గుడ్లు పిగిలాయి, కానీ పది రోజులు దాటేసరికి ఆ తల్లులు తెచ్చే మేత ఈ పిల్లలకు చాల్లేదు. తర్వాత రంగటిరా దీవిలోని టామ్‌టిట్ అనే ఇంకో పిట్ట గూళ్ళు ఎంచుకున్నారు. గుడ్లను వెచ్చగా పెట్టెలో పెట్టుకుని, ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవలో తీసుకెళ్ళారు. టామ్‌టిట్ బాగా పెంచింది. పెద్ద సమస్య అక్కడే వచ్చింది.

ఇక్కడ మన కోకిల గురించి ఒక మాట. కాకి గూట్లో పుట్టి, కాకి మేత తిని పెరిగినా కోకిల కోకిలలాగే కూస్తుంది. ఎన్ని తరాలుగా మన కవులు, మన సామెతలు దీన్ని చెప్పుకున్నాయో. అయితే శాస్త్రం ప్రకారం కోకిల పాటల పిట్టల గుంపులోదే కాదు. దాని కూత పుట్టుకతో వస్తుంది, నేర్చుకోనక్కర్లేదు. నిజమైన పాటల పిట్టలకు ఆ అదృష్టం లేదు. అవి పిల్లలుగా ఉన్నప్పుడు చుట్టూ పెద్దవాటి నుంచి విని, తప్పుగా పాడి, సరిచేసుకుని నేర్చుకుంటాయి. మన పిల్లలు మాటలు నేర్చినట్టు. ఇక్కడ పుట్టి పెరిగిన మా అబ్బాయి వాళ్ళ అవ్వతో మాట్లాడేటప్పుడు తెలుగు కోసం వెతుక్కుంటుంటే ఈ సంగతి నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

టామ్‌టిట్ పెంచిన కరూరెలలో కొన్ని తామూ టామ్‌టిట్లమే అనుకున్నాయి. జత కట్టే వయసొచ్చాక సొంత జాతి వైపు చూడలేదు. అంటే పిట్ట బతికింది, జాతికి దక్కలేదు. లెక్కల పుస్తకంలో ఒక అంకె పెరిగింది, అడవిలో మాత్రం ఏమీ పెరగలేదు. మెర్టన్ బృందం దీన్ని గుర్తుపట్టి పద్ధతి మార్చింది. గుడ్డు టామ్‌టిట్ దగ్గర పిగిలినా, పిల్లకు రెక్కలొచ్చి గూడు దాటేలోపు తిరిగి కరూరె గూటికి చేర్చాలి. మేత పెంపుడు తల్లిది, మాట కన్నతల్లిది. వాళ్ళ పని మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఈ దిద్దుబాటే. సంఖ్య కోసం తొందరపడి ఉంటే ఆ పద్ధతినే కొనసాగించి ఉండేవాళ్ళు.

1989కి వంద దాటాయి. అప్పటికే ఇంకో సంగతి కూడా బయటపడింది.

1984లో ఒక ఆడపిట్ట గుడ్డును గూటి గుంటలో కాకుండా గూటి అంచు మీద పెట్టింది. అంచు మీది గుడ్డును తల్లి పొదగదు, అది అక్కడే చల్లబడిపోతుంది. గూళ్ళు చూసేవాళ్ళు వేలితో దాన్ని లోపలికి తోశారు. పిగిలింది. పిల్ల పెరిగింది. మరుసటి ఏడు అంచు మీద ఇంకొన్ని గుడ్లు. మళ్ళీ తోశారు. 1989 వచ్చేసరికి సగానికి పైగా ఆడపిట్టలు గుడ్డు అంచు మీద పెడుతున్నాయి.

2013లో పరిశోధకులు ఈ జాతి వంశవృక్షం మొత్తం తిరగేసి దీని మీద ఒక పత్రం ప్రచురించారు. ఆ అలవాటు వంశంలో దిగే గుణమని, తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కవైపు వచ్చినా చాలని వాళ్ళు తేల్చారు. మామూలుగానైతే అలాంటి గుణం ఒక తరంలోనే మాసిపోయేది, ఎందుకంటే అంచు మీది గుడ్డుకు వారసులుండరు. మనిషి వేలు దానికి వారసుల్ని ఇచ్చింది. ప్రేమతో తోసిన ప్రతి గుడ్డూ ఆ జాతిని మనిషి లేకుండా బతకలేని వైపు కొంచెం జరిపింది.

ఇది చెప్పినప్పుడు అమ్మ బియ్యం ఏరుతోంది. అలవాటు, ఇక్కడి బియ్యంలో రాళ్ళేమీ ఉండవు. చెయ్యి ఆపి, "గుడ్డు తాగే కోడిని మళ్ళ పొదగేస్తారా ఎవరైనా? దాని పిల్లల్ని గూడా ఉంచుకోరు. ఇంత సదువుకున్నోళ్ళకు అది తెలీదా?" అంది.

తెలిసే ఉంటుంది. కానీ పెరట్లో ఇరవై కోళ్ళున్నప్పుడు ఆ మాట అనగలం. ఉన్నదే ఒక్క కోడైతే? ప్రపంచంలోని మొత్తం జాతి ఒక గదిలో పట్టేంత మాత్రమే ఉన్నప్పుడు, కళ్ళ ముందు ఒక గుడ్డు చల్లబడుతుంటే, దాన్ని తొయ్యని చెయ్యి ఎవరికుంటుంది? ఆ రోజు తోసినవాళ్ళను నేను తప్పు పట్టను. ఆ రోజుకు అదే సరైన పని. సంఖ్య పెరిగాక కూడా తోస్తూనే ఉండి ఉంటే అది తప్పయ్యేది. వాళ్ళు ఆపారు. గూళ్ళలో వేలు పెట్టడం మానేశారు. గుడ్లు పోతాయని తెలిసే మానేశారు. 2011లో చూస్తే అంచు మీద పెట్టేవి నూటికి తొమ్మిదికి తగ్గాయి.

ఉగాది నాటి అన్నకు ఇప్పుడు నేను చెప్పాలనుకునే జవాబు ఇదే. మన చెయ్యి చెరిపినంత మేర సరిచెయ్యడం మన బాకీ. పిల్లుల్ని తీసెయ్యాలి, గొర్రెల్ని తొలగించాలి, చెట్లు పెట్టాలి, చివరి అయిదింటికీ ఎంతైనా చెయ్యాలి. ఆ బాకీ తీరాక ఆ చెయ్యిని వెనక్కి తీసుకోవడం కూడా ఆ బాకీలో భాగమే, అది మొదటి సగం కంటే కష్టం. అడ్డం పడొద్దనే ఆయన మాట అయిదు పిట్టల దగ్గర క్రూరం, వంద దగ్గర సరైనది. ఎప్పుడు అయిదు, ఎప్పుడు వంద అన్నది అక్కడ కూర్చుని, గూడు గూడునా లెక్క రాసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని "ప్రకృతికి వదిలెయ్" అనే మనకు తెలియదు. అలాగే ఇంట్లో కూర్చుని "ఒక్క గుడ్డు కూడా పోకూడదు" అనే మనకూ తెలియదు.

ఇప్పుడు రెండు దీవుల్లో కలిపి రెండు మూడు వందలు ఉన్నాయి. నిశ్చింతగా ఉండే లెక్క కాదు. ఒక్క జంట సంతానం కాబట్టి జన్యువుల్లో తేడాలు చాలా తక్కువ, ఒక కొత్త రోగం వస్తే ఎలా తట్టుకుంటాయో అని భయం. పక్కనున్న పిట్ దీవిలో ఒక అడవికి కంచె కట్టి కొన్నిటిని వదిలారు, అవి నిలవలేదు. ఒక ఎలుక పడవెక్కి రంగటిరాలో దిగితే చాలు. అందుకే నాలాంటివాళ్ళను అక్కడికి రానివ్వకపోవడం సరైనదంటాను.

హవాయిలోని కవాయ్ దీవిలో ఓఓ అనే పిట్ట ఉండేది. 1987 తర్వాత దాని గొంతు ఎవరికీ వినబడలేదు. రికార్డు చేసిన దాని పాట ఇంటర్నెట్‌లో తిరుగుతూ ఉంటుంది, జవాబివ్వడానికి ఎవరూ మిగలని పాట అని జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. కానీ ఆ కన్నీళ్ళలో పదో వంతు శ్రద్ధ బతికున్నవాటి మీద పెడితే బాగుండునని నాకు కోపం కూడా వస్తుంది. మా ఊరి వైపే చూడండి. కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోతే ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లాలోనే మళ్ళీ దొరికింది. అది పాటల పిట్టా కాదు, దీవి పిట్టా కాదు. అయినా లంకమల కొండల చుట్టూ మిగిలిన ముళ్ళపొదల ముక్కలే దానికి దీవి. కొన్నేళ్ళకు అక్కడా కనబడటం మానేసింది. దాని పిలుపు మళ్ళీ వినబడిందని 2025లో వార్త చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గూట్లో వేలు పెట్టే దశ అక్కడ ఇంకా రాలేదు, గూడే కనబడటం లేదు కదా. కావలసింది మాంగెరెలో మొదట చేసిన పని. పిట్ట కనబడినా కనబడకపోయినా దాని పొదను నరకకుండా ఉంచడం. పొదను బంజరు అని రాసే కాగితం మారాలి. బంజరు అని మనం అనేదే దాని ఇల్లు.

అమ్మ వెళ్ళే ముందు రోజు మళ్ళీ జీలాండియాకు తీసుకెళ్ళమంది. చెట్ల కింద అదే చోట చెప్పుతో ఆకులు గీకింది. పిట్ట రావడానికి ఈసారి చాలాసేపు పట్టింది. వచ్చి, ఒక పురుగు తీసుకుని, ఆమె కాలి వేలును ఒకసారి పొడిచి చూసి ఎగిరిపోయింది.

కారు దాకా ఏమీ మాట్లాడలేదు. సీటు బెల్టు పెట్టుకుంటూ అడిగింది. "పాపా, తోయడం మానేసిన ఏడు, ఆ గుడ్డు కాడ నిలబడినోళ్ళు ఉంటారు కదా. చేతులు యాడ పెట్టుకున్యారో."